ఎర్ర తీగ

"ఒక్క వైరు కూడా కనపడకూడదు" అన్నాడు తిహొమీర్, బానెట్ ఎత్తి ఊచ ఆనించి. "ఇంజను తప్ప ఇంకేం కనపడకూడదు. ఇప్పుడందరూ అలాగే చేయించుకుంటున్నారు."

నేను లోపలికి చూడలేదు. బానెట్ లోపలి వైపు కొత్తగా వేసిన రంగును చూస్తూ నిలబడ్డాను. లేత బూడిద రంగు. మొదట్లో ఉన్న రంగునే వెతికి పట్టుకుని వేయించాడు.

"లోపలికి చూడు కూమ్. కరవదులే."

"చూస్తున్నాగా."

"నువ్వు చూసేది రేకుని. వైర్లు కింద ఉంటాయి. ముసలాడివైపోయి మర్చిపోయినట్టున్నావు."

తిహొమీర్ పెళ్లిలో, చర్చిలో, అతని పక్కన కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేను. అందుకని అతనికి కూమ్‌ని. మా కొండల్లో అన్నదమ్ములు పొలం గట్టు కోసం కోర్టుకెక్కుతారు గానీ, కూమ్‌తో మాత్రం గొంతు పెంచి మాట్లాడరు. అతని పెళ్లి ఐదేళ్లు కూడా నిలవలేదు. కూమ్‌తనం నిలిచింది. అది నిలవడమే నాకు కష్టంగా ఉండేది.

ఆ కారుని మా దగ్గర త్రిస్తాచ్ అంటారు. పదమూడు వందల మోడల్, ముందు రెండేసి చొప్పున నాలుగు హెడ్‌లైట్లు. మా నాన్నల కాలంలో డాక్టర్లూ పార్టీ కార్యదర్శులూ తిరిగిన కారు. తిహొమీర్‌కి మేనమామ ఇచ్చాడు. 1993 నవంబరులో ఆ కారు రూజిత్స అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయిని గుద్దింది. విచారణ అయ్యాక కోర్టు దాన్ని వెనక్కి ఇచ్చేసింది. అతను జైల్లో ఉన్న మూడేళ్లూ, వచ్చాక పాతికేళ్లూ, అది కొట్టంలో కోళ్ల కింద పడి ఉంది. నాలుగేళ్ల కిందట ఒక ఉదయం అతను కోళ్లను తోలేసి దాన్ని బాగుచేయడం మొదలుపెట్టాడు.

రేకు పని పక్క పట్టణం పోజెగాలో చేయించాడు. ఇంజను తనే విప్పి బిగించాడు. సీట్లు కొత్తగా కుట్టించాడు. మిగిలింది వైరింగు. దానికి నన్నే పిలిచాడు, నాలుగేళ్లపాటు పిలుస్తూనే ఉన్నాడు. నడుం నొప్పి అన్నాను, కళ్లజోడు మార్చుకోవాలన్నాను, షాపులో చేతి నిండా పని ఉందన్నాను. ఊళ్లో ఇంకో ఇద్దరు కార్ల ఎలక్ట్రీషియన్లున్నారు. వాళ్ల పేర్లు చెప్పాను. "దాని లోపలి సంగతి నీకు తెలిసినట్టు వాళ్లకేం తెలుసు" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా నేను అతని మొహంలోకి చూసేవాణ్ణి. అక్కడ ఏమీ ఉండేది కాదు. అతను ఆ మాటకు ఉన్న అర్థంతోనే ఆ మాట అనేవాడు.

"తుక్కుకి ఇచ్చెయ్యొచ్చుగా" అని ఒకసారి అన్నాను.

"తుక్కుకిస్తే తప్పించుకున్నట్టు. కోళ్లకు వదిలేసినా తప్పించుకున్నట్టే. ఇది బజార్లో నిలబడాలి, జనం చూడాలి" అన్నాడు.

ఈ ఏడు అక్టోబరు మొదటి వారానికి నా దగ్గర సాకులు అయిపోయాయి. సామాను పెట్టె పట్టుకుని వెళ్లాను.

ఆ సాయంత్రం సంగతి ఊరందరికీ తెలిసినట్టే నాకూ తెలుసు. ఆరు గంటలు, పొగమంచు, తెల్లరాయి మలుపు. తిహొమీర్ మేనమామ ఇంట్లో స్లావా నుంచి వస్తున్నాడు. ఇంటి దేవుడి పండగకి మేం ఎవర్నీ పిలవం, తెలిసినవాళ్లు వాళ్లే వస్తారు. వచ్చినవాళ్లు రెండు చిన్న గ్లాసుల ఆల్‌బుఖరా పళ్ల సారా తాగకుండా లేవరు. అతనూ తాగాడు, రెండే. రూజిత్స బస్సు దిగి రోడ్డు అంచున ఇంటికి నడుస్తోంది. మలుపులో దీపాలు ఆరిపోయాయని తిహొమీర్ పోలీసులకు చెప్పాడు. నాలుగూ ఒక్కసారే ఆరిపోయాయనీ, ఆ తర్వాత చప్పుడు ఒక్కటే వినిపించిందనీ చెప్పాడు. పోలీసు స్విచ్చి వేశాడు. నాలుగు దీపాలూ వెలిగాయి. మర్నాడు కోర్టు పంపిన నిపుణుడు వచ్చి వేశాడు. వెలిగాయి.

నన్ను సాక్షిగా పిలిచారు. ఆ వేసవిలో దాని వైరింగు సరిచేసింది నేనే గనుక. "వైరింగు సక్రమంగా ఉందా?" అని జడ్జి అడిగాడు. "ఉంది" అన్నాను. అంతకుమించి అడగలేదు. ఏ తీగ వాడావని అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకు ఇప్పటికీ తెలియదు.

చనిపోయినవాళ్ల ఫొటో అచ్చువేసిన కాగితం మా ఊళ్లో ఏటా ఆ తేదీకి స్తంభాలకు అంటిస్తారు. నా షాపు గేటు ముందు కరెంటు స్తంభం ఒకటుంది. నవంబరు రాగానే రూజిత్స దాని మీదికి వస్తుంది. మొదట్లో నాకంటే పదేళ్లు చిన్నది. ఇప్పుడు నా చిన్న కూతురికంటే చాలా చిన్నది. ఆ కాగితం వానకు తడిసి జారిపోయేదాకా నేను వెనక గేటు నుంచి వచ్చి పోయేవాణ్ణి. ముందు గేటు గడియ చలికి పట్టేస్తుందని ఇంట్లో చెప్పేవాణ్ణి. కొన్నేళ్లకు ఆ గడియ నిజంగానే పట్టేయడం మొదలుపెట్టింది. దాన్ని నేను బాగుచేయలేదు.

మొదటి రోజు బ్యాటరీ వైరు తీశాను, ఫోనుతో ఫొటోలు తీశాను, ప్రతి వైరు కొసకీ తెల్ల టేపు చుట్టి పేరు రాశాను. హారన్, డైనమో, వైపరు, నీళ్ల వేడి చూపే ముల్లు. కుడివైపు నుంచి మొదలుపెట్టాను. సాధారణంగా నేను ఎడమవైపు, బ్యాటరీ దగ్గర్నుంచి మొదలుపెడతాను. అది ఎందుకు మార్చానో నన్ను నేను అడగలేదు.

పాత వైర్ల కట్ట విప్పుతుంటే నా చేతులే ఎదురయ్యాయి. నాకు పని నేర్పిన మేస్త్రీ గుడ్డ టేపు కొసను ఏటవాలుగా కోసి లోపలికి మడిచి, చెప్పులు కుట్టే మైనపు దారంతో మూడు చుట్లు కట్టమనేవాడు. అలాగే కట్టి ఉన్నాయి. ముప్పై ఏళ్ల కిందటి నా చేతులు ఇప్పటి చేతులకంటే శుభ్రంగా పనిచేసేవి. వాటిని చూసి కాసేపు గర్వపడ్డాను కూడా. మనిషి తన గురించి తను గర్వపడటానికి ఎంత వింత చోట్లు వెతుక్కుంటాడో అప్పుడు తోచింది.

మూడో రోజుకి ఎడమవైపు తప్ప ఏమీ మిగల్లేదు. బ్యాటరీ తట్ట తీశాను. దాని వెనక, మడ్‌గార్డుని ఆనుకుని, హెడ్‌లైట్లకు కరెంటు తెచ్చే తీగ. మధ్యలో ఒకటిన్నర మీటరు మేర అది వేరే తీగ. గుడ్డ టేపు నల్లగా గట్టిపడి ఉంది. విప్పాను. నల్లటి, గట్టి, రెండు పాయలు మెలిపెట్టిన మిలిటరీ ఫోన్ తీగ.

యుద్ధం, ఆంక్షల వల్ల ఆ ఏడాది దుకాణాల్లో ఏమీ ఉండేది కాదు. పెట్రోలు సీసాల్లో అమ్మేవాళ్లు, బల్బులు ఒకరి ఇంట్లో తీసి ఇంకొకరి ఇంట్లో పెట్టుకునేవాళ్లు. సైన్యం మా కొండల మీద విన్యాసాలు చేసి వెళ్తూ ఫోన్ తీగ చుట్టలు చుట్టలుగా వదిలేసి పోయింది. ఊరంతా దాన్ని ఏరుకొచ్చుకుంది. దాంతో ద్రాక్ష పందిళ్లు కట్టారు, బట్టలు ఆరేశారు, మేకల్ని కట్టేశారు, కార్లకు వైరింగు చేశారు. లాగితే తెగదు. ఒక్కో పాయ లోపల నాలుగు రాగి పోగులతోపాటు మూడు ఉక్కు పోగులుంటాయి. మేకకి అది మంచిదే. కారుకి కాదు. ఇంజను వణుకుడికి రాగి అలిసిపోయి లోపలే తెగుతుంది, ఉక్కు తుప్పు పడుతుంది, పైన తొడుగు మాత్రం చెక్కుచెదరదు. ఇది మా పనిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. రేడియోకి వేసేవాళ్లం, హారన్‌కి వేసేవాళ్లం. వేరే తీగ ఉన్నవాడెవడూ హెడ్‌లైట్లకి వేసేవాడు కాదు.

నా దగ్గర వేరే తీగ ఉంది.

ఒకటిన్నర మీటరు. ఎర్రది, మెత్తటిది, లోపల సన్నటి రాగి పోగులు నిండుగా ఉన్నది. ఒక లారీ డ్రైవరు హంగరీ నుంచి తెచ్చిచ్చాడు. దాన్ని షాపులో మేకుకి తగిలించాను. తిహొమీర్ కారు తెచ్చినరోజు కొలిచి చూశాను, సరిగ్గా సరిపోతుంది. మళ్లీ మేకుకి తగిలించాను. ఎవరికోసమూ కాదు. ఎవరికీ మాటివ్వలేదు. అన్నీ నాసిరకంగా ఉన్న ఏడాదిలో ఒక్క మంచి వస్తువు నా గోడ మీద ఉండాలనిపించింది. పొద్దున షాపు తెరవగానే అది కనపడితే హాయిగా ఉండేది. కూమ్ కారే కదా, ఏదైనా అయితే మళ్లీ నా దగ్గరికే వస్తాడు, అప్పుడు మారుద్దాం అనుకున్నాను. అలా అనుకున్న క్షణం నాకు బాగా గుర్తుంది. కోర్టు మెట్లు గుర్తులేవు, జడ్జి మొహం గుర్తులేదు. ఆ క్షణం, తీగను మేకు మీదికి జార్చిన చేయి గుర్తున్నాయి.

అది ఇప్పటికీ ఆ మేకుకే ఉంది. ఎక్కడా వాడలేదు. వాడలేకపోయాను. తొడుగు ఎండిపోయి, ముట్టుకుంటే పగిలేటట్టుంది.

ఆ మధ్యాహ్నం తిహొమీర్ గడ్డి తేవడానికి వెళ్లినప్పుడు, నల్ల తీగను బల్ల మీద పెట్టి ఒక కొస బ్యాటరీకి, ఇంకో కొస టెస్టు బల్బుకి కలిపాను. బల్బు వెలిగింది. వేళ్లతో తీగ పొడుగునా తడుముతూ పోయాను. మధ్యలో ఒకచోట మెత్తగా, లోపల ఎముక లేనట్టు తగిలింది. అక్కడ వంచాను. బల్బు ఆరిపోయింది. వదిలాను. వెలిగింది. మళ్లీ వంచాను.

అదే పోలీసుకీ, నిపుణుడికీ దొరకనిది. మలుపు కుదుపుకి విడిపోయింది, గుద్దిన దెబ్బకి కలిసింది. తిహొమీర్ చెప్పింది నిజం.

గడ్డి బండి చప్పుడు వినపడగానే తీగ చుట్టి కోటు జేబులో పెట్టుకున్నాను. ఆ తర్వాత పది రోజులు నా జీవితంలోకెల్లా శుభ్రమైన పని చేశాను.

కొత్త వైర్లన్నీ మంచి రాగివి. ఫ్యూజుల పెట్టెను ఇంజను దగ్గర్నుంచి తీసి డ్యాష్‌బోర్డు కిందికి మార్చాను. హెడ్‌లైట్లకు రెండు రిలేలు పెట్టాను, ముందు రేకు వెనక, కంటికి ఆనని చోట. ఇకమీదట స్విచ్చి మీద కరెంటు బరువు పడదు, బరువంతా పొట్టి లావు తీగల మీదే. ఒక ఫ్యూజు పోయినా రెండు దీపాలు మిగులుతాయి. మిగతా కట్టను మడ్‌గార్డు మడత కింద నుంచి పోనిచ్చి, రేకు రంధ్రాలకు రబ్బరు బిళ్లలు వేసి, గుడ్డ టేపు చుట్టాను. వైరు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో కట్టినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. చేస్తున్నంతసేపూ నా మనసు ప్రశాంతంగా ఉంది. సాక్ష్యాన్ని మాయం చేసేవాడికి అంత ప్రశాంతత ఉంటుందని నేననుకోలేదు.

తిహొమీర్ బోర్లించిన డబ్బా మీద కూర్చుని, రొట్టె మీద మీగడ రాసి నాకందిస్తూ మాట్లాడేవాడు. ఎక్కువగా కోసార గురించి. కోసార రూజిత్స తల్లి. ఎనభై నాలుగేళ్లు. ఏటా శీతాకాలానికి ఆమె కట్టెలు కోసిచ్చేది ఇతనే. ఇంటి పైకప్పు, పొయ్యి గొట్టం, మందులు, అన్నీ ఇతనే. ఆమె ఇతన్ని బిడ్డా అంటుంది, ఇతను అమ్మా అంటాడు. ఊళ్లో ఇది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

"నలభై ఏళ్లు బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కొలిచింది కదా" అన్నాడొకరోజు. "ఏదైనా చేతులు చాపి కొలుస్తుంది. నిరుడు కట్టెలవాడు మీటరు తక్కువ తెచ్చాడు. టేపు తీసుకొచ్చి కొలుచుకో ముసలమ్మా అన్నాడు వాడు. ఈమె కుప్ప పక్కన నడుస్తూ చేతులు చాపి చాపి కొలిచింది. వాడు నోరు మూసుకుని మీటరు కట్టెలు మళ్లీ తెచ్చాడు."

నవ్వాం. నవ్వు ఆగాక అతను రొట్టె ముక్కని చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు.

"నీకో సంగతి ఎప్పుడూ చెప్పలేదురా. ఆ రోజు దీపాలు ఆరలేదు."

నా చేతిలో ఉన్న పట్టకారు ఆగింది.

"ఆరాయన్నావుగా."

"అన్నాను. కోర్టులో అన్నాను, ఒట్టేసి అన్నాను. జైల్లో మొదటి ఏడంతా గోడకి కూడా అదే చెప్పాను. నిపుణుడు కాదన్నాడు, పోలీసు కాదన్నాడు. చివరికి నా కూమ్ కూడా వైరింగు బాగుందన్నాడు. అందరూ అబద్ధమాడతారా? ఒకరోజు పొద్దున్నే లేచి కూర్చుంటే తెలిసిపోయింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. నేనే చూడలేదు. సారా తాగున్నాను. రేడియో తిప్పుతున్నానేమో కూడా."

"తిప్పుతున్నావా?"

"ఇప్పుడు తలుచుకుంటే చేయి రేడియో మీదే కనపడుతుంది" అన్నాడు. "బయటికొచ్చాక తిన్నగా కోసార గుమ్మానికి వెళ్లి చెప్పాను. దీపాలు ఆరలేదమ్మా, అబద్ధం చెప్పాను అని. జైలుకి పోకముందు రెండుసార్లు వెళ్తే కుక్కని వదిలింది. ఆ రోజు లోపలికి రమ్మంది."

ఆ కారులో రేడియో లేదు. తొంభై మూడు వేసవిలోనే నేను తీసేశాను, పాడైందని. దాని ఖాళీ గూడు ఇప్పటికీ అతని కళ్ల ముందే ఉంది. కోటు జేబులో తీగ చుట్ట పక్కటెముకకి గుచ్చుకుంటోంది. నేనన్న ఒక్క 'ఉంది' అనే మాట అతని తలలోకి వెళ్లి, అక్కడ ఒక రేడియోని తయారుచేసి, దాని మీద అతని చేయి పెట్టింది. ఆ అబద్ధం మీద అతను ఇల్లు కట్టుకుని, అందులో ఒక తల్లిని పెట్టుకుని బతుకుతున్నాడు. ఇప్పుడు నిజం చెబితే ఎవరికి మేలు అని నన్ను నేను అడిగాను. ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది. అంతగా నచ్చినందుకే దాన్ని నమ్మలేకపోయాను.

గురువారం పొద్దున పని పూర్తయింది. కొట్టం తలుపులు మూసి తిహొమీర్ స్విచ్చి వేశాడు. నాలుగు దీపాలూ ఎదుటి గోడ మీద తెల్లగా పడ్డాయి. అతను దిగి వచ్చి బానెట్ లోపలికి వంగి చూశాడు.

"మనిషి చేయి పడినట్టే లేదు కదరా!" అన్నాడు. "ఏం మాయ చేశావు? ఎక్కడ దాచావన్నీ?"

"దాచడమే కదా నువ్వు చెప్పిన పని."

"ఉండు, నీకొకటి చూపించాలి."

లోపలికి వెళ్లి ఒక అట్టముక్క తెచ్చాడు. ఆదివారం బజార్లో పాత కార్ల మేళా. అక్కడ అందరూ కారు అద్దం మీద దాని చరిత్ర రాసి పెడతారు, ఏ ఏడు తయారైంది, ఎవరెవరి చేతులు మారింది. ఇతను పెద్ద అక్షరాలతో జాగ్రత్తగా రాశాడు. తయారైన ఏడు, మేనమామ పేరు. దాని కింద: '1993 నవంబరులో ఈ కారుతో నేను రూజిత్సను చంపాను. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.'

"దస్తూరీ బాగుందా? దూరానికి కనపడుతుందా?" అని అడిగాడు.

అట్టను చూశాను. కనపడుతుంది. జేబులోంచి నల్ల తీగ తీసి బల్ల మీద పెట్టాను. బ్యాటరీకీ బల్బుకీ కలిపాను. మెత్తటి చోటు చూపించి, "ఇక్కడ వంచు" అన్నాను.

వంచాడు. బల్బు ఆరింది. వదిలాడు. వెలిగింది. అతనికి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు, కానీ వంచడం మానలేదు. పదిసార్లు, పదిహేనుసార్లు. ఆరడం, వెలగడం. మెకానిక్ కాదు గానీ జీవితమంతా యంత్రాలతో బతికినవాడు.

"ఇది ఎక్కడిది?"

"హెడ్‌లైట్లది. ఆ వేసవిలో నేను వేసింది."

"అయితే ఆరాయి."

"ఆరాయి."

డబ్బా మీద కూర్చున్నాడు. కొట్టంలో నాలుగు దీపాలూ గోడని వెలిగిస్తూనే ఉన్నాయి. బ్యాటరీ అయిపోతుందని లేచి వెళ్లి ఆపాలనిపించింది. అలాంటప్పుడు మనసు అలాంటి చిన్న పనికోసమే చూస్తుంది.

"రేడియో?" అన్నాడు.

"రేడియో లేదురా అందులో. నేను తీసేశాను."

తర్వాత, నేను భయపడుతున్న ప్రశ్న అడిగాడు.

"ఫోన్ తీగ హెడ్‌లైట్లకెందుకేశావురా? వేరేది లేదా?"

"ఆ రోజుల్లో ఎక్కడుంది?" అన్నాను.

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందంటే, నేను మాట్లాడినట్టు కూడా అనిపించలేదు.

"నిజమే. ఎవడి దగ్గరుంది?" అన్నాడు. లేచి వచ్చి నా భుజాలు పట్టుకుని మూడుసార్లు బుగ్గల మీద ముద్దు పెట్టుకున్నాడు, కూమ్‌లు పెట్టుకున్నట్టే. "నా ద్రాక్ష పందిరంతా దాంతోనే కట్టాను. నువ్వేం చేస్తావు? ఎవరేం చేసేవాళ్లు? పేదరికం చంపింది ఆ పిల్లని, నువ్వూ కాదు నేనూ కాదు. ఇన్నేళ్లు ఇది మోసుకుని తిరిగావా గాడిదా?"

అతని కళ్లు తడిగా ఉన్నాయి. క్షమించడంలో అతనికి సంతోషం కూడా ఉంది. అతను నన్ను హత్తుకుని ఉన్నంతసేపూ నేను అతని భుజం మీదుగా గోడని చూశాను. దొంగ సొమ్ముతో కొన్న రొట్టెలా ఉంది ఆ క్షమ. మింగుడు పడదు, పారేయలేం.

"శనివారం కోసారకి కట్టెలొస్తాయి. నువ్వూ రా. ఆమెకి మనిద్దరం కలిసి చెబుదాం" అన్నాడు.

శనివారం ఏడింటికి వెళ్లాం. కారులో కాదు, అతని ట్రాక్టరు మీద. బీచ్ అనే అడవి చెట్ల కట్టెలు నాలుగు మీటర్లు వాకిట్లో కుప్పగా ఉన్నాయి. కోసార కుప్ప పక్కన నడుస్తూ చేతులు చాపి కొలుస్తోంది. చిన్న మనిషి, నల్ల తలగుడ్డ, ఎడమ భుజం సరిగా లేవదు.

"ఈసారి సరిగ్గానే తెచ్చాడు" అంది. నన్ను చూసి ఆగింది. "నువ్వు ఎలక్ట్రీషియన్ ఓబ్రాద్‌వి కదూ. కోర్టులో నీలం కోటు వేసుకున్నావు."

"అవునమ్మా."

లోపలికి వెళ్లి ఆల్‌బుఖరా పళ్ల పాకం గిన్నె, రెండు చెంచాలు, రెండు గ్లాసుల నీళ్లు పళ్లెంలో తెచ్చింది. ఇంటికొచ్చినవాడికి ముందు తీపి పెట్టాలి. తిహొమీర్ చెంచాడు తిన్నాడు. నేను చెంచా పట్టుకున్నాను గానీ నోట్లో పెట్టుకోలేదు.

చెప్పింది తిహొమీరే. నిలబడే చెప్పాడు, చేతికి తోలు తొడుగులు వేసుకుని, కట్టెలు కోసే మిషను మీద చేయి ఆనించి. దీపాలు నిజంగానే ఆరాయనీ, ఓబ్రాద్ వేసిన ఫోన్ తీగ లోపల తెగి ఉందనీ, బల్బు పెట్టి తన కళ్లతో చూశాననీ. అతను ఆగాక ఆమె అడిగింది.

"మరి ఆరలేదని నాతో ఎందుకన్నావురా?"

"అలాగే అనుకున్నానమ్మా."

"అయితే ఇన్నేళ్లూ నా కట్టెలు ఊరికే కోశావా?"

"ఊరికే కాదు."

"ఊరికే కాదు" అని తనూ అంది. ఆ మాట ఎలా అందో నేను చెప్పలేను. ఆమె మొహంలో కోపం లేదు, ఊరట లేదు. దుకాణంలో తెలిసిన గుడ్డ అని తీసుకొచ్చి, ఇంటికొచ్చి విప్పితే వేరే గుడ్డ కనపడ్డ మనిషిలా ఉంది. తర్వాత నా వైపు తిరిగింది.

"నీ దగ్గర వేరే తీగ లేదా నాయనా?"

"తొంభై మూడులో ఎక్కడుంటుందమ్మా" అన్నాడు తిహొమీర్ వెంటనే. "సూదీ దారం కూడా లేని రోజులు. నీకు తెలియదా?"

ఆమె అతని వైపు చూడలేదు. నన్నే చూస్తోంది. జవాబు అప్పటికే వచ్చేసింది, నేను ఊరుకుంటే చాలు. ఊరుకోవడం నాకు బాగా తెలిసిన పని. చెంచాలో పాకం అంచు దాటి నా బొటనవేలి మీదికి జారింది.

"ఉంది" అన్నాను.

"ఏమిటీ?" అన్నాడు తిహొమీర్.

"మంచిది. ఎర్రది. గోడకి ఉంది. ఇవ్వబుద్ధి కాలేదు."

కోసార పళ్లెం మొద్దు మీద పెట్టింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి చిన్న చప్పుడు చేశాయి.

"ఎంత?" అంది.

"ఒకటిన్నర మీటరు."

ఆమె రెండు చేతులూ రొమ్ము ఎదుట చాపింది. "ఇంతా?"

"ఇంకొంచెం."

ఇంకా చాపింది. ఎడమ భుజం సగంలో ఆగిపోతే పళ్లు బిగించి పైకి లేపింది. చివరికి రెండు చేతులూ పూర్తిగా తెరుచుకున్నాయి, తలగుడ్డ మెడ మీదికి జారింది.

"ఇంతా?"

"అంతే" అన్నాను.

ఆమె చేతులు దించలేదు. ఎడమ చేతి వేళ్ల నుంచి కుడి చేతి వేళ్లదాకా ఒకసారి చూసుకుంది. మళ్లీ వెనక్కి చూసుకుంది. నా వెనక తిహొమీర్ తోలు తొడుగులు ఒక్కొక్కటిగా తీసి కట్టెల మీద పెట్టడం వినిపించింది.